మూడో తరగతి అయ్యేసరికి పిల్లలకి ఏమేం రావాలి?

పటమట_అమ్మ: జూన్‌లో పాప మూడులోకి వెళ్తుంది. లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం), ఒక్కోదాంట్లో ఏడాది చివరికి ఏమేం రావాలి? ట్యూషన్ పెట్టాలా?

అరండల్‌పేట_లెక్కలు: చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లెక్క ప్రకారం 9999 దాకా సంఖ్యలు, చిన్న గుణకారాలు. కానీ అసలు గండం మధ్యలో సున్నా ఉన్న తీసివేత. 402 లోంచి 178 తీయమనండి. 376 వేస్తే, పైనుందా కిందుందా చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీస్తోందని. 234 వేస్తే, అప్పు తెచ్చింది గానీ పదుల స్థానంలో 10 అలాగే ఉంచేసింది. అక్కడ 9 ఉండాలి. జవాబు 224. రెండు తప్పులకీ మందు వేరు.

సత్యనారాయణపురం_సత్యం: ‘అప్పు’ అనే మాటతోనే వచ్చింది తంటా. అప్పయితే తిరిగివ్వాలిగా? చిల్లర మార్చడం అనండి. నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఇవ్వండి. ఒక వందకి పది పదులు, అందులో ఒక పదికి పది బిళ్లలు. 3 వందలు, 9 పదులు, 12 ఒకట్లు. ఆ 9 ఎక్కడిదో కళ్లకే కనపడుతుంది.

బ్రాడీపేట_టీచర్: 22 ఏళ్లుగా మూడో తరగతే చెబుతున్నా. తరతరాలు అప్పు మాటతోనే నేర్చుకున్నాయి. నోటులో పది రూపాయలున్నాయని పిల్ల నమ్మాలంతే, చూడలేదు. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండు వేసి కట్టించండి. విప్పితే పదీ బయటికొస్తాయి. నోటు విప్పగలరా మాస్టారూ?

సత్యనారాయణపురం_సత్యం: 402 పుల్లలు, 40 మంది పిల్లలు. 16,080 పుల్లలు మేడం. చీపుర్ల కొట్టు పెట్టాలి.

బ్రాడీపేట_టీచర్: 402కి పుల్లలు ఇమ్మని ఎవరన్నారు? 42 లోంచి 18 తీయడానికి పుల్లలు, అది కుదిరాక నోట్లు. చదవకుండా వెటకారాలొకటి.

కొత్తపేట_తెలుగు: లెక్కలేనా, తెలుగు అక్కర్లేదా? క వత్తు తలకట్టు తీసేసిన క లాగే ఉంటుంది కాబట్టి ‘అక్క’ రాసేస్తారు. త, న, మ, య, ర, ల వత్తులకి అసలు అక్షరం పోలికే ఉండదు. ‘అత్త’, ‘నాన్న’, ‘అమ్మ’ దగ్గర చెయ్యి ఆగేది అందుకే. ఈ ఆరూ విడిగా దిద్దించండి. తర్వాత ‘పుస్తకం’, చివర్లో ‘రాష్ట్రం’. ష కింద ట వత్తు, దాంతోపాటు ర వత్తు. సగం మంది ‘రాష్టం’ అని వదిలేస్తారు. నిమిషానికి 60 మాటలు చదవాలంటారు, సరే. ‘వెళ్లిపోతున్నారు’ కూడా ఒక్క మాటేనా?

అరండల్‌పేట_లెక్కలు: ఎక్కాలు వరసగా కాదు, మధ్యలోంచి అడగండి. ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల నుంచి మొదలెడితే ఎక్కం రానట్టే.

గాంధీనగర్: ఈవీఎస్‌లో పాత మ్యాపులు పారేయండి. 2022 ఏప్రిల్ నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా జిల్లా కేంద్రం అప్పుడూ ఇప్పుడూ మచిలీపట్నమే. గుంటూరోళ్లకి నరసరావుపేట పల్నాడుకెళ్లింది, బాపట్ల వేరే జిల్లా. ప్రకాశం బ్యారేజీ ప్రకాశం జిల్లాలో ఉందని రాసే పిల్లలు ఏటా ఉంటారు. అది విజయవాడ దగ్గర కృష్ణా నది మీద 1957లో కట్టింది, టంగుటూరి ప్రకాశం గారి పేరు.

సత్యనారాయణపురం_సత్యం: ఇంతకీ అప్పు తిరిగిచ్చేదెప్పుడో మేడం చెప్పలేదు.

బ్రాడీపేట_టీచర్: మీతో వాదించను.

పటమట_అమ్మ: ట్యూషన్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు కూడా.

బ్రాడీపేట_టీచర్: ట్యూషన్ తర్వాత, ముందు ముళ్ల గడియారం కొనండమ్మా. ఐదుకి పది నిమిషాలు తక్కువైనప్పుడు చిన్న ముల్లు దాదాపు 5 మీదికొచ్చేస్తుంది. పిల్లలు 5:50 అనేస్తారు. పెద్ద ముల్లు 12కి చేరేదాకా గంట మారదని చెప్పి, చిన్న ముల్లు ఒక్కటే చూపించి గంట ఎంతో వారం రోజులు అడగండి.