అప్‌డేట్: బడి మూసివేతపై పిల్లల నాటకం ప్రదర్శించాం

బడి మూసివేతను ఎదిరించే హైస్కూలు పిల్లల నాటకంలో, కొద్దిమంది నటులతోనే ధర్నా దృశ్యాన్ని ఎలా రక్తి కట్టించాలని లోగడ అడిగాను. నటులను ప్రేక్షకుల మధ్యే కూర్చోబెట్టమన్న సలహాను పాటించి, మొన్న విశాఖపట్నంలో ప్రదర్శించాం. పిల్లలు ఒక్కొక్కరుగా లేచి, అట్టముక్కలపై రాసిన నినాదాలు పట్టుకుని వేదిక వైపు నడిచేసరికి, వెనుక వరుసల్లోని తల్లులు కూడా గొంతు కలిపారు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉత్తర్వు (జీఓ) 117 కింద ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కిన సంగతి వారికి గుర్తుండే ఉంటుంది. ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపే ఉండాలన్న విద్యాహక్కు నిబంధనను హెడ్మాస్టరు చేత కాక, తమ్ముణ్ణి చేయిపట్టి నడిపించే అక్క పాత్ర చేత చెప్పించడం నాటకానికి ప్రాణం పోసింది. బడి నిలిచిందో లేదో చివర చెప్పలేదు; అదే సరైన ముగింపని నా గట్టి నమ్మకం. సలహా ఇచ్చినవారికి మా బృందం తరఫున కృతజ్ఞతలు.