వాలెస్‌ని పట్టిచ్చిన జాన్ మెంటీత్ నిజంగా ద్రోహేనా?

గోదారిగట్టు:
1305 ఆగస్టులో స్కాట్లండ్ వీరుడు విలియం వాలెస్‌ని గ్లాస్గో దగ్గర పట్టుకుని ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్‌కి అప్పగించింది సర్ జాన్ మెంటీత్. ఇతనూ స్కాటిష్ ప్రభువే. అదే నెల 23న లండన్‌లో వాలెస్‌ని ఘోరంగా చంపారు. అప్పటికి మెంటీత్ డంబార్టన్ కోట అధికారి, ఎడ్వర్డ్ కొలువులో ఉన్నవాడు. 1304లోనే స్కాట్లండ్ పెద్దలు దాదాపు అందరూ ఎడ్వర్డ్‌కి లొంగిపోయారు. అందర్నీ వదిలేసి ఇతన్నొక్కణ్ణే తిట్టడం ఏం న్యాయం?

పల్నాటి_పిల్ల:
డ్యూటీ చేశాడంటారు, సరే. మరి బహుమానం మాటేంటండీ? వాలెస్ జాడ కనిపెట్టిన నౌకరుకి 40 మార్కులు (అప్పటి డబ్బు లెక్క), పట్టుకున్న మిగతావాళ్లకి 60 మార్కులు, మెంటీత్‌కి వంద పౌన్ల విలువైన భూమి అని అప్పటి రాతల్లోనే ఉంది. తిరిగి తిరిగి ఆచూకీ తీసిన నౌకరుకి చిల్లర, దొరగారికి భూములు!

లెక్కలమాస్టారు:
లొంగిపోవడం వేరు, సాటివాణ్ణి పట్టివ్వడం వేరు. ‘నేను ఎడ్వర్డ్‌కి ఎప్పుడూ విధేయత ప్రమాణం చెయ్యలేదు, ద్రోహిని ఎలా అవుతాను’ అని వాలెస్ విచారణలో అన్నాడంటారు. మెంటీత్ మాత్రం 1296లో డన్‌బార్ దగ్గర ఇంగ్లిష్‌వాళ్లకి చిక్కి, ఎడ్వర్డ్ కొలువుకి ఒప్పుకుని బయటపడ్డాడు. భయమో ఆశో, రెండూనో.

గోదారిగట్టు:
మాస్టారూ, మరి రాబర్ట్ బ్రూస్? 1302లో ఎడ్వర్డ్ పక్షాన చేరాడు, 1304లో స్టిర్లింగ్ కోట ముట్టడికి సాయం చేశాడు. 1306లో స్కాట్లండ్ రాజుగా కిరీటం పెట్టుకున్నాడు కాబట్టి జాతిపిత అయ్యాడు. 1305లో జ్వరమొచ్చి పోయుంటే ఇవాళ మెంటీత్ పక్కనే ఉండేవాడు. ఇంకోటి. మెంటీత్ తర్వాత బ్రూస్ వైపే వచ్చాడు. స్కాట్లండ్ స్వతంత్ర దేశమని 1320లో పోప్‌కి రాసిన ఆర్బ్రోత్ లేఖలో అతని పేరూ ఉంది. వాలెస్‌ని ఎరిగినవాళ్లే కలుపుకున్నాక మనకెందుకు కోపం?

పల్నాటి_పిల్ల:
కలుపుకున్నది బ్రూస్ అండీ, వాలెస్ కాదు. యుద్ధంలో ఉన్న రాజుకి కోటలూ మనుషులూ కావాలి, పాత లెక్కలు తీస్తే పక్కన ఎవడూ మిగలడు. ఆ లేఖ మీద పేరు చూసి కడిగిన ముత్యం అంటే నేను ఒప్పుకోను.

లెక్కలమాస్టారు:
వాలెస్‌ని పట్టుకోమని మెంటీత్ బల్ల మీద రొట్టె తిరగేసి పెట్టి సైగ చేశాడనే కథ మాత్రం నమ్మకండి, అది తర్వాత అల్లుకున్నదే. బ్రూస్ విషయంలో గోదారిగట్టు గారి మాట కాదనలేను. కానీ బ్రూస్ ఎవరినీ లండన్‌కి కట్టి పంపలేదు కదా. నా అభ్యంతరం అక్కడే.