బెట్టను తట్టుకునే జన్యువు పెడితే పండ్ల చెట్టు ఎదుగుదల తగ్గడం తప్పదా?

పిందె:
2025 మే నెలలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించినప్పటి నుంచి పండ్ల తోటల వారు ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. ఆ రెండింటిలో ఒకదానిని మన కాటన్‌దొర సన్నాలు రకం నుంచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించింది. అందులో డి.ఎస్.టి. అనే జన్యువును పనిచేయకుండా చేశారు. మామూలు మొక్కలో ఈ జన్యువు పత్రరంధ్రాలు మూసుకోకుండా అడ్డుపడుతుంది కనుక, అది లేని మొక్క బెట్ట రాగానే రంధ్రాలను మూసుకుని తేమను నిలుపుకోగలుగుతుంది. ఇదే పని బత్తాయిలోనో మామిడిలోనో ఎందుకు చేయకూడదన్నది ప్రశ్న.

వెంటనే వచ్చే అభ్యంతరం ఏమిటంటే, ఒత్తిడిని తట్టుకునే శక్తి పెరిగితే చెట్టు గిడసబారుతుందని. ఇది ప్రకృతి నియమమేమీ కాదని, ఇంతవరకు మనం జన్యువులను వాడిన పద్ధతిలోని లోపమని నా అభిప్రాయం. కాదనే వారు ఆధారాలతో చెప్పగలరు.

కొండవాలు:
పిందె గారూ, వరిని చూపి చెట్టు గురించి తీర్పు చెప్పనవసరం లేదు, ఎందుకంటే చెట్టులో ఈ ప్రయోగం ఇప్పటికే జరిగింది. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని కెర్నీస్‌విల్‌లో ఆ దేశ వ్యవసాయ శాఖకు పండ్ల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు పీచ్ చెట్టులోని ఒక సి.బి.ఎఫ్. జన్యువును ఎం.26 అనే ఆపిల్ వేరుమూలంలో (పై రకాన్ని అంటు కట్టడానికి వాడే వేరు మొక్కలో) చేర్చి, అది ఎల్లవేళలా పనిచేసేలా చేశారు. సి.బి.ఎఫ్. తానుగా చలిని ఆపేది కాదు. చలి తగలగానే రక్షణకు పనికివచ్చే జన్యువులన్నిటినీ పనిలోకి దించే మేస్త్రీ వంటిది. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ మొక్కలు మామూలు ఎం.26 కంటే తీవ్రమైన చలిని తట్టుకున్నాయి. అయితే పగటి పొడవును సాధారణంగా పట్టించుకోని ఆపిల్ కాస్తా, పగళ్లు కురచ కాగానే ఎదుగుదల ఆపి, ఆకులు పండించుకుని నిద్రాణస్థితిలోకి వెళ్లడం మొదలుపెట్టింది. తరువాత ఆరుబయట నాటి చూసినప్పుడు కూడా ఎదుగుదల తగ్గడం, వసంతంలో మొగ్గ ఆలస్యంగా విడవడం కనిపించాయి.

ఇది అనుకోకుండా వచ్చిపడిన దుష్ఫలితం అనుకోవడం పొరపాటు. ప్రయోగశాలల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దీని మూలం బయటపడింది: సి.బి.ఎఫ్. ఎక్కువైతే, ఎదుగుదలను పెంచే గిబ్బరెల్లిన్ అనే హార్మోనును నిర్వీర్యం చేసే ఎంజైములు పెరుగుతాయి, గిబ్బరెల్లిన్ తగ్గిన కొద్దీ ఎదుగుదలను ఆపే డెల్లా ప్రోటీన్లు పేరుకుంటాయి. అంటే ఎదుగుదలను ఆపడం కూడా రక్షణలో ఒక భాగమే. దీనికి ఎదురు ఉదాహరణ మెక్సికో నుంచి వచ్చిన ఒక పీచ్. నిద్రాణస్థితిని నడిపే ఆరు డి.ఎ.ఎమ్. జన్యువుల వరుసలో కొంత భాగం ఊడిపోవడంతో అది శీతాకాలంలోనూ చిగురిస్తూనే ఉంటుంది, మంచు పడే చోట ఆ చిగుళ్లు మాడిపోతాయి. ఎదగడం, ఓర్చుకోవడం రెండూ ఒకే సమయంలో కావాలని కోరేవారు ఈ రెండు చెట్లనూ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి.

పిందె:
మీరు చెప్పిన ఉదాహరణలోనే నా వాదన ఉంది. ఆ జన్యువును "ఎల్లవేళలా" పనిచేసేలా చేశారని మీరే రాశారు. చలి లేని జూలైలో కూడా చలికాలపు ఏర్పాట్లు చేసుకోమంటే ఏ చెట్టయినా గిడసబారుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1999లోనే ఇదే కుటుంబానికి చెందిన జన్యువును అరబిడాప్సిస్‌లో రెండు విధాలుగా పెట్టి చూశారు. ఎల్లవేళలా పనిచేసే ప్రమోటరు (జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే డి.ఎన్.ఎ. భాగం) కింద ఉంచితే మొక్క మరుగుజ్జు అయింది. ఒత్తిడి వచ్చినప్పుడే మేలుకొనే ప్రమోటరు కింద ఉంచితే ఓర్పు నిలిచింది, ఎదుగుదల మీద దెబ్బ చాలా స్వల్పంగానే పడింది. పైగా పండ్ల చెట్లలో వరికి లేని వెసులుబాటు ఒకటి ఉంది. మార్పు వేరుమూలంలో చేసి, పైన మనకు అలవాటైన రకాన్నే అంటు కడితే పండు జోలికి పోనవసరమే ఉండదు.

కొండవాలు:
వేరుమూలం దారిని కూడా పరీక్షించారు. కెర్నీస్‌విల్‌లోనే ఆ మార్పు చేసిన ఎం.26 మీద రాయల్ గాలా అనే ఆపిల్ రకాన్ని అంటు కట్టి, 2016లో ఫలితాలు ప్రకటించారు. పైనున్న రాయల్ గాలా ఎదుగుదల, పూత మారాయి గాని చలిని తట్టుకునే శక్తి పెరగలేదు, నిద్రాణస్థితిలోనూ మార్పు రాలేదు. లాభం అంటు దాటలేదు, ఖర్చు మాత్రం దాటింది.

చౌడునేల:
నాది నల్లగొండ వైపు బత్తాయి తోట. మీరిద్దరూ ఒత్తిడి అనే మాటను ఒకే ముద్దగా వాడుతున్నారని నాకు అనిపిస్తోంది. చలి తగిలేది కొమ్మకు, కాబట్టి వేరులో పెట్టిన జన్యువు కొమ్మను కాపాడకపోవడంలో వింత లేదు. ఉప్పు సంగతి వేరు, అది లోపలికి వచ్చేదే వేరు గుండా. రంగపూర్ నిమ్మ వేరుమూలం క్లోరైడును చాలావరకు పైకి పోనివ్వదు; మూడాకుల నారింజ అనే మరో వేరుమూలం మీద కడితే అదే రకం ఆకుల్లో క్లోరైడు పేరుకుని అంచులు మాడతాయి. ద్రాక్ష వేరుమూలాల్లో సోడియాన్ని పైకి పోకుండా పట్టి ఉంచే హెచ్.కె.టి.1 రకపు జన్యువును ఆస్ట్రేలియాలో గుర్తించారు కూడా. ఇటువంటి చోట వేరుమూలంలో మార్పు చేస్తే ఫలితం పైకొమ్మకు తప్పక అందుతుంది, చెట్టు ఎదుగుదలను ఆపవలసిన అవసరమూ అంతగా రాదు. ఉప్పు విషయంలో నేను పిందె గారి పక్షమే.

బెట్ట విషయంలో మాత్రం ఎదుగుదల కంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది, దాన్ని ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. బత్తాయికి మేము నీరు కొన్ని వారాలపాటు కావాలనే ఆపుతాము. ఆకు వాడుముఖం పట్టిన తరువాత ఎరువు వేసి నీరు పెడితే పూత ఒక్కసారిగా వస్తుంది. నిమ్మజాతి చెట్లలో పూతను ప్రేరేపించే ఎఫ్.టి. జన్యువు చలికీ నీటి ఎద్దడికీ స్పందించి చురుకవుతుందని శాస్త్రవేత్తలు కూడా చూపారు. మరి చెట్టు బెట్టను బెట్టగా గుర్తించనంత ఓర్పు దానికి ఇస్తే, పూత ఏ సూచన అందుకుని రావాలి?

కొత్తచిగురు:
జన్యుశాస్త్రం చదువుతున్న దానిగా ఒక విషయం అడుగుతాను. ఎదుగుదల తగ్గడాన్ని అందరూ నష్టంగానే ఎందుకు లెక్కిస్తున్నారు? వరిలో గడ్డి పొట్టిదైతేనే దిగుబడి పెరిగింది. ఆపిల్‌లో నూరేళ్ల క్రితం ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్‌లో వర్గీకరించిన ఎం.9 వేరుమూలం చెట్టును పొట్టిగా ఉంచుతుంది కాబట్టే ప్రపంచమంతా దాన్ని నాటుతున్నారు. ఆ గుణానికి కారణమైన రెండు జన్యుస్థానాలను డి.డబ్ల్యు.1, డి.డబ్ల్యు.2 అని పిలుస్తారు. దశేరి, నీలం కలయికతో 1971లో వచ్చిన ఆమ్రపాలి మామిడిని దగ్గర దగ్గరగా నాటగలగడానికి కారణం దాని పొట్టితనమే. మామిడి తోటల్లో పాక్లోబ్యూట్రజాల్ అనే మందు పోసేది కూడా గిబ్బరెల్లిన్‌ను తగ్గించడానికే కదా. కొండవాలు గారు శిక్షగా చూపినదానినే తోటల వారు డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. మన దేశంలో 2022 మార్చిలో పర్యావరణ శాఖ జన్యుమార్పిడి పంటల నియమాల నుంచి ఇచ్చిన మినహాయింపు, పరాయి డి.ఎన్.ఎ. మిగలని సవరణలకే వర్తిస్తుంది. వరిలో సవరణ సాధనంగా చొప్పించిన జన్యువును తరువాతి తరంలో విడదీసి, అది లేని మొక్కలను ఏరుకోవచ్చు. బత్తాయిలో ఆ దారి లేదు; సంకరం చేస్తే రకమే పోతుంది, గింజ నాటితే చాలావరకు తల్లిని పోలిన మొక్కలే వస్తాయి, పైగా మొలక పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. డి.ఎన్.ఎ. లేకుండా నేరుగా ప్రోటీనును, ఆర్.ఎన్.ఎ.ను కణంలోకి పంపి సవరించే పద్ధతి ఒకటి ఉంది. ఆ పద్ధతిలో ఫ్లోరిడాలో గజ్జి తెగులును తట్టుకునే తీపి నారింజను తయారుచేశారు. పిందె గారు చెప్పిన ఒత్తిడి ప్రమోటరును బయటి నుంచి తెచ్చి చేర్చితే అది మినహాయింపు పరిధిలోకి రాదు. అంటే చట్టం సులభం చేసిన దారి, డి.ఎస్.టి.లో వలె ఉన్న జన్యువును ఆపివేసే, లేదా కొద్దిగా మార్చే దారి మాత్రమే.

కొండవాలు:
ఎం.9 పొట్టితనం నిజమే, కానీ దాని వేరు లోతుకు దిగదు, చెట్టుకు ఊతకర్ర కావాలి, నీరు క్రమం తప్పకుండా అందాలి. నీరు పుష్కలంగా ఉన్నచోట లాభమైన పొట్టితనం బెట్ట నేలలో లాభమవుతుందా అన్నదే నా సందేహం. పైభాగం పొట్టిగానూ వేరు లోతుగానూ ఉండే మార్పును ఎవరైనా చూపితే నేను వాదన ఆపుతాను.

పిందె:
ప్రమోటరు విషయంలో కొత్తచిగురు గారి మాట కాదనలేనిది, కాబట్టి నా వాదనను ఉప్పుకూ వేరుమూలానికీ పరిమితం చేస్తున్నాను; అక్కడ మాత్రం వెనక్కి తగ్గను. బెట్ట విషయంలో చౌడునేల గారిని ఒకటి అడగాలి. పత్రరంధ్రాలు త్వరగా మూసుకునే బత్తాయి చేతికి వచ్చిందనుకుందాం. దాన్ని మీ తోటలో నాటడానికి ముందు ఏ పరీక్ష చూడాలని మీరు కోరతారు?

చౌడునేల:
కుండీలో నీరు ఆపి ఆకు ఎన్నాళ్లు పచ్చగా ఉందో కొలిచి తెస్తే నేను ఒప్పుకోను. రంగపూర్ నిమ్మ మీద కట్టిన మామూలు బత్తాయినీ, కొత్తదానినీ ఒకే మడిలో నాటి, కాపుకు వచ్చాక నీరు ఆపి, మళ్లీ పెట్టి, రెండింటి పూతనూ పిందె నిలిచిన తీరునూ వరుసగా కొన్ని కాపులు లెక్కించాలి. కొత్త చెట్టు పూతకు రావడానికి మామూలు చెట్టు కంటే ఎక్కువ రోజులు ఎండగట్టవలసి వస్తే, అది ఆదా చేసే నీరంతా మిగిలిన తొమ్మిది పది నెలల్లోనే కనబడాలి. ఆ లెక్క నీటి మీటరు పెట్టి చూపితే, చెట్టు ఒక అడుగు పొట్టిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.