“ఎత్తుకుపోలేదు కదమ్మా, నడిచే వెళ్లింది”: కిడ్నాప్‌కి తెలుగు మాట ఏది?

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి.

హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకి పంచడానికి పిల్లల చట్టాల మీద నాలుగు పేజీల కరపత్రం రాస్తున్నాను. భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ దగ్గర కిడ్నాప్‌కి ‘అపహరణ’ అని పెట్టాను. ప్రింటుకి ఇచ్చేముందు మా ఊళ్లో కొంతమంది తల్లుల్ని కూర్చోబెట్టి చదివాను. తెలిసిన కుర్రాడు పట్నం చూపిస్తానంటే వెంట వెళ్లిన పదహారేళ్ల అమ్మాయి ఉదాహరణ రాగానే ఒకావిడ ఆపేసింది. “ఎవరూ ఎత్తుకుపోలేదు కదమ్మా, తన కాళ్లతో తనే నడిచి వెళ్లింది. అపహరణ ఎట్లా అవుద్ది?”

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆవిడ చెవికి తప్పు తోచింది నా మాటే, చట్టం కాదు. అపహరణ అనగానే మనకి సీతమ్మే గుర్తొస్తుంది. బలవంతం, ఏడుపు, దారిలో జారవిడిచిన నగలు. ‘ఎత్తుకుపోవడం’ అన్నా గద్ద కోడిపిల్లని తన్నుకుపోయినట్టే ఉంటుంది. పోనీ ‘లేచిపోయింది’ అందామంటే నింద మొత్తం ఆ పిల్ల నెత్తిన పడుతుంది, ఆ మాట రాయడానికి నాకు మనసొప్పదు. ‘లేవదీసుకుపోయాడు’ అంటే కాస్త అటు జరుగుతుంది. వీటిలో దేంట్లోనూ తల్లిదండ్రులు కనిపించరు.

చట్టం మొదలయ్యేదే వాళ్ల దగ్గర. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని, చట్టబద్ధమైన సంరక్షకుల ఒప్పుదల లేకుండా, వాళ్ల సంరక్షణలోంచి తీసుకెళ్లినా ఆశపెట్టి రప్పించినా కిడ్నాపే. బలవంతం ఉండాల్సిన పనిలేదు. పిల్ల ఒప్పుకున్నా ఆ ఒప్పుదల లెక్కలోకి రాదు. ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. బలవంతంగానో మోసంతోనో తీసుకెళ్లడం గురించి 138లో విడిగా చెప్పారు, దానికి వయసుతో పనిలేదు. రెండింటికీ అపహరణే రాస్తే చదివేవాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది?

వ్యాఖ్య (గుంటూరు నుంచి, వకీలు):
అమ్మా, మంచి చోట ఆగారు. పాత ఐపీసీ 361లో మగపిల్లలకి 16, ఆడపిల్లలకి 18 ఉండేది. 2024 జులై 1న దాని స్థానంలో న్యాయ సంహిత వచ్చినప్పటి నుంచి ఇద్దరికీ 18. కాబట్టి ‘బాలిక’ అని మాత్రమే రాయకండి, మీసాలు వస్తున్న పదిహేడేళ్ల కుర్రాడికీ ఇది వర్తిస్తుంది.

‘తీసుకెళ్లడం’ అన్న మాటని మాత్రం వదలకండి. 1964లో మద్రాసు నుంచి వచ్చిన వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు చూసింది సరిగ్గా దీన్నే. కాలేజీలో చదివే అమ్మాయి, పద్దెనిమిదికి ఇంకా నెలన్నర తక్కువ. ఇల్లు వదిలి తనే ఫోన్ చేసి, ఫలానా చోటికి రమ్మని చెప్పి వరదరాజన్‌ని కలిసింది. తీసుకెళ్లడం వేరు, వెంట రానివ్వడం వేరు అని కోర్టు అతన్ని విడిచిపెట్టింది. తెలుగులో ఆ తేడా మనకి పుట్టుకతో తెలుసు, ‘తీసుకెళ్లాడు’, ‘వెంట వెళ్లనిచ్చాడు’. అయితే ముందు నుంచీ మాయమాటలు చెప్పి ఇల్లు కదిలించి ఉంటే ఆ రక్షణ దొరకదు. ఇక లైంగిక నేరమైతే పిల్లల రక్షణకి పోక్సో చట్టం ఉంది, అక్కడ లెక్క వేరు.

వ్యాఖ్య (కరీంనగర్ నుంచి, తెలుగు టీచర్):
రుక్మిణి సంగతి చూడండి. అన్న రుక్మి శిశుపాలుడికి ఇస్తానంటే, ఆమే అగ్నిద్యోతనుడితో కబురు పంపి కృష్ణుణ్ని రమ్మంది. అందుకే మనం దాన్ని కల్యాణం అంటాం, రుక్మిణీ అపహరణం అనం. ‘అపహరణ’ మన నోట అమ్మాయి ఇష్టాన్ని బట్టి నడిచే మాట. చట్టం ముందు వయసు అడుగుతుంది, తర్వాత పెద్దల ఒప్పుదల అడుగుతుంది. అందుకే ఆ మాట ఇక్కడ అతకదు.

నేనైతే ‘కాపుదల’ తీసుకుంటాను. పంటకి కాపుదల, పిల్లకి కాపుదల. పిల్ల బడికి పోయినా, జాతరకి పోయినా అమ్మానాన్నల కాపుదలలోనే ఉన్నట్టు. అమ్మమ్మ దగ్గర వదిలితే, హాస్టల్లో చేర్పిస్తే, అప్పుడు కాపుదల వాళ్లది, చట్టం కూడా అట్లా అప్పజెప్పినవాళ్లని సంరక్షకులే అంటుంది. మా తాత భూమి కాగితాల్లో ‘మైనరు గార్డియను తల్లి’ అని ఉండేది, కాబట్టి గార్డియన్ అన్నా ఊళ్లో అర్థమవుతుంది.

జవాబు:
కాపుదల! సార్, ఎంత దగ్గరి మాటో. ఇవాళ మధ్యాహ్నం ఆవిడ దగ్గరికే వెళ్లి ఇలా చదివాను: “పద్దెనిమిదేళ్లు నిండని కొడుకునైనా కూతురినైనా, మీ ఒప్పుదల లేకుండా మీ కాపుదలలోంచి తీసుకెళ్లినా, మాయమాటలు చెప్పి రప్పించినా, పిల్లలు ఇష్టపడే వెళ్లినా సరే, అది కిడ్నాప్ నేరం.” ఆవిడ రెండుసార్లు చదివించుకుని, “మా ఆయన పనికి కువైట్ పోయాడు. ఒప్పుదల నాదా, ఆయనదా?” అని అడిగింది.

వకీలు గారూ, హిందూ పిల్లల సంరక్షకుల గురించిన 1956 చట్టంలో ‘తండ్రి, ఆయన తర్వాత తల్లి’ అని ఉన్నదానికి 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ‘తర్వాత’ అంటే ఆయన చనిపోయాక అనే కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు కూడా అని చెప్పింది కదా. ఇంటి బాధ్యతంతా చూస్తున్న ఈవిడకి అది సరిపోతుందనే అనుకుంటున్నాను. కరపత్రంలో ‘మీ ఒప్పుదల’ బదులు ‘అమ్మానాన్నల్లో దగ్గరున్నవారి ఒప్పుదల’ అని రాయొచ్చా? రేపు సాయంత్రం లోపు చెప్పండి, ఎల్లుండి ప్రెస్సుకి ఇవ్వాలి.