కాన్ఫరెన్స్ రూమ్‌ని 'రెగ్యులర్‌లీ ఆక్యుపైడ్' లెక్కలోంచి తీసేయొచ్చా?

మధురవాడ_ఆర్కిటెక్ట్: రుషికొండ వైపు ఒక ఐటీ ఆఫీస్ బిల్డింగ్‌కి లీడ్ (గ్రీన్ బిల్డింగ్ రేటింగ్) వెర్షన్ 4 పెడుతున్నాం. ఏ గది ఏ కేటగిరీయో షీట్ చేస్తున్నాను. కాన్ఫరెన్స్ రూములు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి, లెక్కలోంచి తీసేస్తే వ్యూస్ (బయటి దృశ్యం కనిపించే ఏరియా) పర్సెంటేజీ పెరుగుతుంది కదా అని క్లయింట్ ఒకటే పట్టు. సర్వర్ రూమ్, పాంట్రీ, రిసెప్షన్ మీద కూడా డౌట్ ఉంది. ఎవరైనా చెప్పండి.

సిరిపురం_కన్సల్టెంట్: కుదరదండీ. ఒక మనిషి రోజుకి సగటున గంటకు మించి ఒకేచోట కూర్చునో నిలబడో పనిచేసే గది అయితే అది రెగ్యులర్‌లీ ఆక్యుపైడే. కాన్ఫరెన్స్ రూమ్ పేరు లీడ్ గైడ్ జాబితాలోనే ఉంది, వాదించి లాభం లేదు. పాంట్రీ, కారిడార్, టాయిలెట్, లాబీ: మనుషులు తిరుగుతారు కానీ రెగ్యులర్ కాదు. లాబీలోని రిసెప్షన్ డెస్క్ మాత్రం రెగ్యులర్, ఎందుకంటే అక్కడో అమ్మాయి షిఫ్ట్ అంతా కూర్చుంటుంది. హోటల్ అయితే లాబీ కూడా రెగ్యులరే. సర్వర్ రూమ్, ఎలక్ట్రికల్ రూమ్ అన్‌ఆక్యుపైడ్.

గాజువాక_ఎంఈపీ: సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. పాంట్రీ రెగ్యులర్ కాదు కదా అని దానికి ఫ్రెష్ ఎయిర్ కట్ చేయకండి. వెంటిలేషన్‌కి ఆష్రే 62.1 (గదులకు బయటి గాలి ఎంత కావాలో చెప్పే ప్రమాణం) ప్రకారం ఆక్యుపైడ్ గదులన్నీ లెక్కలోకి వస్తాయి. మన ఊరి ఉక్కపోతలో బయటి గాలి ఎక్కువ తెస్తే ఏసీ లోడ్ పెరుగుతుంది, అందుకే అందరి కన్నూ దాన్ని తగ్గించడం మీదే ఉంటుంది.

ట్రైనింగ్ హాల్ ఉంటే సీట్లు లెక్కపెట్టండి. మనిషికి 40 చదరపు అడుగులు, లేదా అంతకన్నా తక్కువ వస్తే 'డెన్స్‌లీ ఆక్యుపైడ్'. 1,500 చదరపు అడుగుల హాల్లో 60 కుర్చీలంటే మనిషికి 25 చదరపు అడుగులే. దానికి కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ క్రెడిట్ (లీడ్ పాయింట్లు) కావాలంటే, సెన్సర్‌ని, నేల నుంచి 3 నుంచి 6 అడుగుల మధ్యలో గోడకి బిగించాలి. ఒక సైట్‌లో కాంట్రాక్టర్ అందంగా ఫాల్స్ సీలింగ్ లోపల రిటర్న్ డక్ట్‌లో (గది గాలి ఏసీకి తిరిగెళ్లే గొట్టంలో) పెట్టేశాడు. ఊడదీసి, గోడ కోసి, మళ్లీ పుట్టీ పెట్టించాల్సి వచ్చింది.

బీచ్‌రోడ్_డిజైనర్: నన్నడిగితే అసలు తలనొప్పి బేస్‌మెంట్‌లో ఉంటుంది. డ్రాయింగ్‌లో 'స్టోర్' అని రాస్తారు. సైట్‌కెళ్లి చూస్తే టేబుల్, ఫ్యాన్, గోడకి డ్యూటీ చార్ట్, మూలన టీ ఫ్లాస్కు. ఫెసిలిటీ సూపర్‌వైజర్ రోజంతా అక్కడే. ఆ గదికి కిటికీ లేదు, అయినా వ్యూస్ మొత్తం ఏరియాలో కలపాల్సిందే. వ్యూస్‌కి కావాల్సిన 75 శాతం అంచున ఉన్న ప్రాజెక్టుని ఇలాంటి గదులే ముంచుతాయి. సర్వర్ రూమ్ పక్కన మానిటరింగ్ రూమ్ ఉంటే అదీ ఇంతే.

మధురవాడ_ఆర్కిటెక్ట్: మాది తూర్పు వైపు మొత్తం గాజే, సముద్రం ఎదురుగానే. వ్యూస్‌కి ఢోకా లేదనుకుంటున్నా.

సిరిపురం_కన్సల్టెంట్: వ్యూస్ సరే, డేలైట్ సంగతి? సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో వెలుతురు లెక్క) ఆప్షన్‌లో ఏడాదికి 250 గంటలకు మించి 1000 లక్స్ (వెలుతురు కొలత) నేరుగా ఎండ పడే భాగం, రెగ్యులర్‌లీ ఆక్యుపైడ్ ఏరియాలో 10 శాతం దాటకూడదు. పొద్దున్నే సముద్రం మీంచి వచ్చే ఎండతో తూర్పు గాజు అక్కడే దొరికిపోతుంది. ఒకే షీట్ మీదే అన్ని క్రెడిట్లూ నడపండి. వ్యూస్‌కి ఒక ఏరియా, డేలైట్‌కి ఇంకో ఏరియా చూపిస్తే రివ్యూయర్ వెంటనే ప్రశ్న వేస్తాడు.

మధురవాడ_ఆర్కిటెక్ట్: మా బేస్‌మెంట్ డ్రాయింగ్‌లోనూ రెండు 'స్టోర్'లు ఉన్నాయండోయ్. వాటిలో ఎవరు కూర్చుంటారో ముందు ఫెసిలిటీ వాళ్లని అడుగుతా.