ఇంట్లో చదివే చిన్నపిల్లలకు రోజూ యాక్టివిటీలు తయారుచేసి పెట్టాలా? ఇంటిపని చాలదా?

ఇంటిబడి_అమ్మ
మా పాపకి నాలుగు నిండాయి, బాబుకి రెండేళ్లు. బడికి పంపకుండా ఇంట్లోనే చెప్పుకుంటున్నాం, ఆరు నెలలైంది. రాత్రి ఇద్దరూ పడుకున్నాక గంటన్నర కూర్చుని మర్నాటికి ట్రేలు సర్దుతాను. రంగుల వారీగా వేరుచేసే ఉన్ని బంతులు, గీతల మీద కత్తిరించే కాగితాలు, ఇలాంటివి. మొన్న ఒక గిన్నెలో చిన్న చిన్న బొమ్మలు వేసి, పొరలు పొరలుగా నీళ్లు పోస్తూ ఐస్‌గడ్డ కట్టించాను. దానికే రెండు రోజులు పట్టింది. పాప చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టింది, ఒక బొమ్మ బయటికొచ్చింది, "అయిపోయింది" అని లేచి వెళ్లిపోయింది. మొత్తం ఆరు నిమిషాలు. కరిగిన నీళ్లు నేను తుడుస్తుంటే వచ్చి నా చేతిలో గుడ్డ లాక్కుని ముప్పావుగంట నేల తుడిచింది. తడపడం, పిండడం, మళ్లీ తుడవడం.

అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. నేను పడుతున్న ఈ కష్టం పిల్లకి అక్కర్లేదా? లేక ఇంటిపని చేయించి ఊరుకుంటే రేపు అక్షరాలూ లెక్కలూ వెనకబడతాయా? మూడు నుంచి ఆరేళ్లలోపు పిల్లలున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

నిదానమే
ఆ ముప్పావుగంటని తక్కువగా చూడకండి. గుడ్డ పిండటానికి రెండు చేతులూ ఎదురెదురు దిక్కులకి తిప్పాలి. రేపు పెన్సిల్ పట్టుకోవాల్సిన మణికట్టు అక్కడే గట్టిపడుతోంది.

1907లో మరియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరు రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో తన మొదటి "పిల్లల ఇల్లు", అంటే చిన్నపిల్లల బడి, తెరిచారు. అందంగా ఉన్న బొమ్మలు అందుబాటులో ఉన్నా పిల్లలు వాటిని ఎంచుకోలేదని ఆమే రాశారు. నిజమైన పని ఉంటే దానివైపే వెళ్లారు.

మా ఇంట్లో మూడున్నరేళ్ల వాడికి నేనిచ్చిన మొదటి "పాఠం" రెండు చిన్న జగ్గులు. ఒకదాంట్లో సగానికి నీళ్లు, రెండోది ఖాళీ, పక్కన ఒక స్పాంజి. అంతే. మొదటి రోజు సగం ట్రేలోకే పోయాయి. నేను నోరు మెదపలేదు, స్పాంజి చూపించానంతే. నాలుగైదు రోజులకి వాడు నీళ్లు పోస్తూ తల పక్కకి వంచడం గమనించాను. ఏం చేస్తున్నాడా అని చూస్తే, వింటున్నాడు! జగ్గు నిండుతున్నకొద్దీ చప్పుడు సన్నబడుతుంది కదా, దాన్నిబట్టి ఆపుతున్నాడు. ఇది నేను చెప్పలేదు, చెప్పాలని నాకు తట్టను కూడా తట్టలేదు.

సాక్సులు జతచేస్తే పోలికలూ తేడాలూ వస్తాయి. టవల్ మడిస్తే సగం, ఇంకోసారి మడిస్తే సగంలో సగం. ఇవన్నీ ఇంట్లో ఉండగా రాత్రి గంటన్నర కూర్చోవడం గోటితో పోయేదానికి గొడ్డలి అన్నట్టుంది. మీ నిద్ర మీరు పోండి, పొద్దున పిల్లకి అది ఎక్కువ ఉపయోగం.

లెక్కలు_చెప్తాను
నిదానమే గారు, నీళ్ల జగ్గు గురించి రాసింది చాలా నచ్చింది. కానీ "ఇంటిపని చాలు" అనే మాట దగ్గర మీతో ఏకీభవించలేను. చిన్న తరగతులకి లెక్కలు చెప్పిన అనుభవంతో అంటున్నాను.

నాలుగేళ్ల పిల్ల ముప్పై వరకూ గడగడా చెప్పేస్తుంది, ఇంట్లోవాళ్లు లెక్కలొచ్చేశాయనుకుంటారు. ఒకసారి గుప్పెడు గుండీలు ముందుపోసి "నాకు నాలుగు ఇవ్వు" అనండి. చాలామంది గుప్పిట్లోకి వచ్చినన్ని ఇచ్చేస్తారు. మనస్తత్వ పరిశోధకురాలు కారెన్ విన్ 1990లో ప్రచురించిన పరిశోధనలో ఇదే పద్ధతి వాడారు. ఇందులో పిల్లలు వరసగా మెట్లెక్కుతారు. ముందు "ఒకటి ఇవ్వు" అంటే సరిగ్గా ఒకటే ఇవ్వడం వస్తుంది, మిగతా ఏ అంకె చెప్పినా గుప్పెడే. తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. ఒక్కో మెట్టుకి నెలలు పట్టొచ్చు. ఆఖర్న ఒకరోజు, లెక్కపెడుతూ చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలుస్తుంది. ఏ మెట్టు మీద ఉందో తెలియకుండా "ఇంటిపనిలో అదే వస్తుంది" అనుకుంటే, ఆ గడగడ చెప్పడమే చూసి మోసపోతాం.

ఇంకో మాట. మాంటిస్సోరి పేరు చెప్పేవాళ్లు ఆమె చెప్పినదాంట్లో సగమే తీసుకుంటున్నారు. నేల తుడవడంతో ఆమె ఆపలేదు. 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల వరకూ వరసగా పెరిగే పది గులాబీరంగు ఘనాలు చేయించారు. పూసలు పది కలిపి ఒక కడ్డీ, పది కడ్డీలు కలిపి వందల పలక, పది పలకలు కలిపి వెయ్యి ఘనం. పిల్ల ఒక చేత్తో ఒక్క పూస, రెండో చేత్తో వెయ్యి పట్టుకుంటే ఆ బరువు తేడా ఇక మరచిపోదు. పదుల పద్ధతి ఇలా చేతికి అందేది ఇంటిపనిలో ఎక్కడుంది?

ఇద్దరు_చంటివాళ్లు
చర్చకి అడ్డొస్తున్నాను, కానీ ఇది చెప్పకుండా ఉండలేను. ఇంటిబడి అమ్మగారి ఇంట్లో రెండేళ్ల బాబున్నాడు. గుండీలు, పూసలు, ఉన్ని బంతులు అంటున్నారు. టాయిలెట్ పేపర్ మధ్యలో ఉండే అట్టగొట్టంలోంచి జారిపోయే వస్తువేదైనా మూడేళ్లలోపు పిల్లలకి అందకూడదు. నీళ్లలో ఉబ్బే జెల్ పూసలు, చిన్న చిన్న గట్టి అయస్కాంతాలు ఇంట్లోనే వద్దు. గుండీలా ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ (బటన్ సెల్) మింగితే 2 గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు, అనుమానం వచ్చినా సరే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. నీళ్ల ఆట అయ్యాక బకెట్ బోర్లించాకే పక్కకి వెళ్లండి, అడుగున కొద్దిపాటి నీళ్లున్నా చంటిపిల్లలకి ప్రమాదమే. పెద్దదాని పూసల పని చిన్నవాడు నిద్రపోయాక, బల్ల మీద పెట్టుకోండి.

నిదానమే
చాలా అవసరమైన మాట, థాంక్స్ అండీ.

లెక్కలు గారూ, మీరు చెప్పిన "నాలుగు ఇవ్వు" పరీక్ష మా ఇంట్లో రోజూ జరుగుతుంది. మేం నలుగురం. "అందరికీ చెంచాలు పెట్టు" అంటాను. వాడు లెక్క తప్పితే నేను దిద్దను. ఎవరి పళ్లెం దగ్గర చెంచా లేదో వాడికే కనిపిస్తుంది, వెళ్లి తెస్తాడు. వస్తువే తప్పు చూపిస్తుంది.

ఇక కొన్న వస్తువుల సంగతి. జూడీ డెలోచ్ అనే మనస్తత్వ పరిశోధకురాలు 1987లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. గదికి అచ్చంగా చిన్న నమూనా చేసి, పిల్లలు చూస్తుండగా అందులో సోఫా వెనక చిన్న బొమ్మ దాస్తారు. పెద్ద గదిలో పెద్ద బొమ్మ కూడా అదే చోట ఉందని పిల్లలకి చెప్తారు. మూడేళ్లవాళ్లు చాలావరకు నేరుగా వెళ్లి తీశారు. రెండున్నరేళ్లవాళ్లకి మాత్రం ఆ నమూనా ఒక బొమ్మరిల్లే, ఇంకోదాన్ని సూచిస్తుందని తట్టలేదు. తర్వాత చేసిన ప్రయోగాల్లో, మూడేళ్లవాళ్లని ముందు ఆ నమూనాతో ఆడుకోనిస్తే వాళ్లకి కూడా కష్టమైంది. అంటే వస్తువు ఎంత ముచ్చటగా ఉంటే, అది ఒక గుర్తు అని చూడటం అంత కష్టం. రంగురంగుల ఎలుగుబంటి బొమ్మలతో లెక్కలు నేర్పుదామంటే పిల్లకి ఎలుగుబంట్లే కనిపిస్తాయి. నా భయం అది.

లెక్కలు_చెప్తాను
చెంచాల సంగతి ఒప్పుకుంటున్నాను. నా తరగతిలో నేను పెట్టిన చాలా పనులకన్నా అదే మంచి పాఠం. ఎలుగుబంట్ల విషయంలోనూ మీతోనే ఉన్నాను, మామూలు చెక్కముక్కలే మేలు.

కానీ మీ ఇంట్లో ఉన్నది నలుగురు. కాబట్టి నాలుగే వస్తుంది. ఏడు ఎప్పుడొస్తుంది? అయినా మీరు వస్తువు చూపిస్తుందన్న తప్పు ఒకటికి ఒకటి జత కుదరకపోవడం. నాలుగు తెచ్చానని తెలిసి తెచ్చాడా, ఖాళీ కనిపించి తెచ్చాడా అన్నది వేరే సంగతి. పళ్లెం పెట్టకముందే "నాలుగు చెంచాలు పట్రా" అని పక్కగదిలోకి పంపండి. అప్పుడు తెలుస్తుంది. నేను అడుగుతున్న ప్రిపరేషన్ ఇంతే, ఆ ఒక్క చిన్న మార్పు.

అక్షరాలు మాత్రం ఇంటిపనిలో దొరకవు. "వ"కీ "మ"కీ తేడా చివర్లో వచ్చే ఆ ఒక్క వంపు. కళ్లతో చూసి పిల్ల పది రోజులు తికమకపడుతుంది. శాండ్‌పేపర్ మీద అక్షరాలు కత్తిరించి అట్టకి అంటించాను. చూపుడువేలు, మధ్యవేలు కలిపి, రాసే దిక్కులోనే తడమాలి. ముందు "ఇది వ, ఇది మ" అని చెప్పడం. రెండోసారి "మ ఏది? చూపించు." మూడోసారి మాత్రమే "ఇదేంటి?" మూడోది తడబడితే దిద్దకుండా రెండోదానికి వెనక్కి వెళ్లాలి. మా అన్నయ్య కూతురు కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ ఆ చివరి వంపు దగ్గర ఆగి "ఇంకా ఉంది, మ!" అంది. ఆ అట్టముక్కలు చేయడానికి ఒక ఆదివారం పట్టింది, ఏడాదిన్నర వాడాం. ప్రతిరోజూ కొత్తది ఉండాలన్న టెన్షన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. పిల్లలకి కావాల్సింది అదే పని మళ్లీ మళ్లీ చేయడం.

ఉద్యోగం_ఇల్లూ
ఇంతసేపూ చదివాను, ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. "ఇంటిపనిలో కలుపుకోండి" అని తేలిగ్గా అంటున్నారు. పది నిమిషాల్లో నేను మడిచే బట్టలు పిల్లతో మడిస్తే నలభై నిమిషాలు. తొమ్మిదింటికి నాకు మీటింగ్ ఉంటుంది. రోజు మొత్తం ఇలాగే సాగితే తలప్రాణం తోకకొస్తుంది, ఆ చిరాకంతా ఆఖరికి పిల్ల మీదే చూపిస్తాం. నాకైతే రాత్రి సర్దిన ట్రే ఒక ఊపిరి. పొద్దున నేను ఫోన్‌లో ఉన్న ఇరవై నిమిషాలు పిల్ల తన పని తను చేసుకుంటుంది. అది టీవీ కన్నా నూరుపాళ్లు నయం. ట్రే సర్దేవాళ్లని ఆడంబరం చేస్తున్నారన్నట్టు చూడకండి.

ఇంకొకటి కూడా, నిదానమే గారూ, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఈ ఓపిక ఇద్దరూ పంచుకోవాలి. చాలా ఇళ్లలో అమ్మ ఒక్కతే బడీ, ఇల్లూ, ఉద్యోగం మోస్తోంది. ముందు ఆ లెక్క సరిచేయకుండా ఏ పద్ధతి గొప్పదని వాదించుకుంటే ఏం లాభం?

నిదానమే
మీరన్నది నిజం. నేను సగంపూట పనే చేస్తాను, ఆ తీరిక నాకుంది. "నిద్ర పోండి" అని అంత సులువుగా అనాల్సింది కాదు. సారీ అండీ.

కొత్త_నాన్న
ట్రే పూర్తిచేస్తే ఒక స్టిక్కర్ ఇస్తున్నాం. మొదట్లో బాగా పనిచేసింది, ఇప్పుడు స్టిక్కర్ లేకపోతే ముట్టుకోవడం లేదు. ఎవరైనా దారి చెప్పండి.

లెక్కలు_చెప్తాను
మెల్లగా మానేయండి. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు 1973లో బొమ్మలేయడం ఇష్టమున్న చిన్నపిల్లలతోనే చేసి చూశారు. బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయించిన పిల్లలు, తర్వాత తమంతట తాము బొమ్మలేయడం తగ్గించారు. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. మీవాడు చేస్తుంటే పక్కన కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పండి. "నీలంవన్నీ ఒకవైపు పెట్టావే" అంటే చాలు. కొన్నాళ్లు ఏ పనీ ముట్టుకోకపోయినా కంగారుపడొద్దు.

ఇంటిబడి_అమ్మ
మూడు వారాలైంది, ఏం చేశానో రాస్తానని మాటిచ్చుకున్నాను.

రాత్రి ట్రేలు ఆపేశాను. దానికి బదులు పగలు ఒక పావుగంట చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మొదటి రెండు రోజులు చాలా కష్టమైంది, ప్రతి నిమిషం ఏదో చెప్పాలనిపించేది. మూడో రోజు ఒకటి కనిపించింది. పాప కత్తెర పట్టుకున్నప్పుడు బొటనవేలు కిందికి తిరిగి ఉంటోంది. అందుకే కాగితం మడతపడిపోతోంది, విసుగొచ్చి వదిలేస్తోంది. నేను ఇన్నాళ్లూ గీతలు గీసిన కాగితాలు రోజుకొక రకం పెడుతున్నాను, లోపం కాగితంలో లేదు! బొటనవేలి గోరు మీద చిన్న చుక్క పెట్టి "కత్తిరించేటప్పుడు ఈ చుక్క నిన్నే చూడాలి" అన్నాను. ఒక్క కోతకి తెగేంత సన్నటి గట్టి కాగితం పట్టీలు ఇచ్చాను. ఆ పూట ఒక గిన్నెడు ముక్కలు చేసింది.

పక్కగది నుంచి "మూడు చెంచాలు" సరిగ్గా తెచ్చింది. "నాలుగు" అంటే ఆరు తెచ్చింది. ఇరవై వరకూ చెప్పే పిల్ల! లెక్కలు గారు అన్న మెట్టు కళ్లారా చూశాను. శాండ్‌పేపర్ అక్షరాలు ఆదివారం చేశాం, ఆరే చేశాం. కత్తిరించింది మా ఆయన. ఉద్యోగం గారి పోస్టు ఆయనకి చదివి వినిపించాను, వారంలో మూడు పూటలు ఇప్పుడు ఆయనవి.

ఒక ట్రే మాత్రం ఉంచాను, బాబు నిద్రపోని రోజుల కోసం. గుండీలు ఎత్తైన అల్మరాలోకి వెళ్లిపోయాయి.

నేల మాత్రం రోజూ తుడుస్తోంది. మొన్న గుడ్డ పిండి, బకెట్‌లో పడుతున్న చుక్కల్ని లెక్కపెట్టింది. పదకొండు దాకా వచ్చి, పన్నెండో చుక్క పడుతుందా లేదా అని ఇద్దరం వంగి చూశాం. పడగానే బకెట్ బోర్లించాం.