విండో మూసేసినా ఈవెంట్లు వస్తూనే ఉన్నాయి: పైథాన్‌లో సొంత పబ్లిష్-సబ్‌స్క్రైబ్

ప్రశ్న:
మా మందుల షాపు కోసం పైథాన్‌లో చిన్న బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. మొదట్లో బిల్లు క్లాసే స్టాకు తగ్గించేది, ప్రింటర్‌ని పిలిచేది, రోజు లెక్కలో కలిపేది. ఏ కొత్త పని చేర్చాలన్నా ఆ క్లాసునే కెలకాల్సి వస్తోందని మధ్యలో ఈవెంట్‌బస్ అని ఒక క్లాస్ పెట్టాను. లోపల ఒక డిక్షనరీ, ఈవెంట్ (బిల్లు పడటం లాంటి ఘటన) పేరు స్ట్రింగ్‌గా కీ, దానికి ఫంక్షన్ల లిస్టు. సబ్‌స్క్రైబ్ చేస్తే లిస్టులో చేరుతుంది, పబ్లిష్ చేస్తే అన్నిటినీ వరసగా పిలుస్తుంది, అంతే.

స్టాకు విండో మూసి మళ్లీ తెరిస్తే "స్టాకు తక్కువ" హెచ్చరిక రెండుసార్లు వస్తోంది, ఇంకోసారి తెరిస్తే మూడుసార్లు. పాత విండోని బస్ పట్టుకుని ఉందని అర్థమై, లిస్టులో మెథడ్‌కి బదులు వీక్‌రెఫ్ (ఆబ్జెక్ట్‌ని మెమరీలో పట్టి ఉంచని రెఫరెన్స్) పెట్టాను. ఇప్పుడు హెచ్చరిక అసలే రావట్లేదు, ఎర్రరూ లేదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు 1:
మీరు పట్టుకున్న కారణం సరైనదే. వీక్‌రెఫ్ ఎందుకు పనిచేయలేదంటే, సెల్ఫ్ డాట్ అని మెథడ్ పేరు రాసిన ప్రతిసారీ పైథాన్ అప్పటికప్పుడు కొత్త బౌండ్ మెథడ్ (ఆ విండోతో జతచేసిన మెథడ్) ఆబ్జెక్ట్ తయారుచేస్తుంది, దాన్ని ఇంకెవరూ పట్టుకుని లేరు కాబట్టి ఆ లైను దాటగానే పోతుంది, విండో బతికే ఉన్నా సరే. దీనికోసమే పైథాన్ 3.4 నుంచి వీక్‌రెఫ్ మాడ్యూల్‌లో వీక్‌మెథడ్ ఉంది.

అయినా నేను దాని మీద ఆధారపడను. విండోలు, వాటిలోని బటన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, కాబట్టి మూసిన విండో గార్బేజ్ కలెక్టర్ (వాడకంలో లేని ఆబ్జెక్టులను మెమరీలోంచి తీసేది) వచ్చేదాకా మెమరీలోనే ఉండి ఈవెంట్లు తీసుకుంటూనే ఉంటుంది. సబ్‌స్క్రైబ్ చేసినప్పుడే "నన్ను తీసెయ్" అనే ఫంక్షన్‌ని వెనక్కి ఇవ్వండి, విండో దాన్ని దాచుకుని మూసేటప్పుడు పిలవాలి. ఇలా చేస్తే లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) ఇచ్చినా తీయడం కుదురుతుంది, లేకపోతే అదే లాంబ్డాని మళ్లీ రాసి రిమూవ్ అంటే వాల్యూఎర్రర్ వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చేశాను, హెచ్చరిక ఒక్కసారే వస్తోంది, చాలా థ్యాంక్స్ అండీ! కానీ ఇంకొకటి తగిలింది. ఒక సబ్‌స్క్రైబర్ ఈవెంట్ అందగానే తనను తాను తీసేసుకుంటుంది, అప్పుడు దాని తర్వాత ఉన్నదానికి ఆ ఈవెంట్ అందట్లేదు.

జవాబు 2:
లూప్ తిరుగుతున్న లిస్టులోంచే తీస్తున్నారు. తీయగానే వెనకున్నవి ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి, లూప్ మాత్రం తర్వాతి స్థానానికి వెళ్తుంది, మధ్యలోది తప్పిపోతుంది. పబ్లిష్‌లో లిస్టుకి కాపీ తీసి దాని మీద తిప్పండి.

అక్కడే ఉన్నారు కాబట్టి ఇంకో విషయం. ప్రింటర్‌లో పేపర్ అయిపోయి ఎక్సెప్షన్ వస్తే లూప్ అక్కడే ఆగి, దాని తర్వాత ఉన్న రోజు లెక్కకి బిల్లు అందదు. ప్రతి పిలుపునీ విడిగా ట్రైలో పెట్టి, ఎర్రర్‌ని లాగ్‌లో రాసి ముందుకెళ్లండి. స్టాకు తగ్గించడాన్ని మాత్రం దయచేసి ఈవెంట్‌గా ఉంచొద్దు. అది ఫెయిలైతే బిల్లే పడకూడదు కదా, ఆ మాట బిల్లు క్లాసుకి తెలియాలంటే నేరుగా పిలవడమే దారి. ప్రింటింగ్, హెచ్చరికలు బస్ మీద ఉంటే చాలు.

జవాబు 3:
ఈవెంట్ పేర్లు స్ట్రింగులుగా ఉన్నాయన్నారు కదా, ఒక్క అక్షరం తప్పినా ఎర్రర్ రాదు, ఎవరికీ ఏమీ అందదు, అంతే. బిల్లుపడింది అని చిన్న డేటాక్లాస్ (వివరాలు దాచుకోవడానికి వాడే క్లాస్) రాసి ఆ క్లాస్‌నే డిక్షనరీలో కీగా వాడండి, పేరు తప్పితే పైథాన్ వెంటనే నేమ్‌ఎర్రర్ ఇస్తుంది, పైగా ఆ ఈవెంట్‌తో పాటు ఏ వివరాలు వస్తాయో క్లాస్ చూస్తేనే తెలిసిపోతుంది.